పచ్చ తేనీరు: రుచి ఎంత, మందు ఎంత?

మగ్గము మీద కూర్చున్నవారికి తేనీరు ఎంత అవసరమో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. తెల్లవారి మొదటి నాడె విసరకముందు ఒక గ్లాసు, పొద్దెక్కిన తరువాత ఒకటి, పడుగు ముడి వేయునప్పుడు ఒకటి, దీపాలవేళ మరొకటి. షోలాపూరులో చాయ్ అనినను, సేలములో టీ అనినను, బరంపురములో చా అనినను వస్తువు ఒక్కటే. పాలు, పంచదార, బాగుగా మరిగిన టీపొడి, ఇదియే మనకు అలవాటైన పానీయము.

ఇటీవల మన నేతపేటల అంగళ్ళలో గ్రీన్ టీ అను పచ్చ తేయాకు పొట్లములు కూడ కనిపించుచున్నవి. పట్టణములలో చదువుకొనుచున్న పిల్లలు సెలవులకు వచ్చునప్పుడు ఇంటికి తెచ్చుచున్నారు. “ఇది త్రాగినచో తుమ్ములు తగ్గును, నుసి పడనివారికి మేలు చేయును” అను మాట వాటి వెంటనే వచ్చినది. నూలు, రంగులు, గంజి మధ్య బ్రదుకు మన కుటుంబములలో తుమ్ములు, ముక్కు కారుట, కండ్ల దురద, ఆయాసము కొత్తవి కావు. కాబట్టి ఆ మాటలో నిజమెంతయో, ఏది రుచి కొరకో, ఏది మందు కాదో మన సభ్యుల కుటుంబములు తెలిసికొనుట మంచిదని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఒకే మొక్క, రెండు రకములు

పచ్చ తేయాకునకు వేరుగా ఒక మొక్క ఉన్నదని కొందరు అనుకొనుచున్నారు. అట్లు కాదు. మనము పాలు పోసి కాచుకొను నల్ల తేయాకు, ఈ పచ్చ తేయాకు ఒకే మొక్క చిగుళ్ళు. ఒకే చిలప నూలును ఒకరు కోరాగా నేయుదురు, మరొకరు రంగులో ముంచి నేయుదురు. తేడా అంతయు ఆ మధ్య జరుగు పనిలోనే యున్నది.

కోసిన చిగుళ్ళను వాడబెట్టి, నలిపి, గాలి సోకునట్లు ఉంచినచో ఆకులోని రసములు గాలితో కలిసి రంగు మారును. ఆకు ఎఱ్ఱబడి, తరువాత ఆరబెట్టగా నల్లనగును. ఇది నల్ల తేయాకు. పచ్చ తేయాకు విషయములో ఈ మార్పును మొదటనే ఆపివేయుదురు. కోసిన కొద్దిసేపటికే చిగుళ్ళకు వేడి తగిలించుదురు. చైనాలో ఎక్కువగా పెద్ద మూకుళ్ళలో వేచుదురు. జపానులో ఆవిరి పట్టుదురు. ఆ వేడికి ఆకులోని మార్పు కలిగించు గుణము నశించి ఆకు పచ్చగానే నిలుచును.

జపానులో తేనీరు పాతుకొనుటకు ఐసాయ్ అను బౌద్ధ సన్యాసి ముఖ్య కారకుడు. ఆయన 1191లో చైనా నుండి తేయాకు విత్తనములు తెచ్చెను. 1211లో తేనీరు ఆరోగ్యమునకు మంచిదని ఒక గ్రంథము కూడ వ్రాసెను. అనగా తేనీటిని మందుగా చెప్పుకొనుట ఎనిమిది వందల ఏండ్ల నాటి మాట. నేడు జపానులో ఇంటింట త్రాగు సెంచా అను పచ్చ తేయాకును ఆవిరి పట్టి, నలిపి, ఆరబెట్టు పద్ధతిని నాగతాని సోయెన్ అను రైతు 1738లో తీర్చిదిద్దెను.

మన దేశమునకు కూడ ఇది పూర్తిగా క్రొత్త కాదు. కాశ్మీరములో కహ్వా అని ఏలకులు, దాల్చినచెక్క, కుంకుమపువ్వు వేసి త్రాగునది పచ్చ తేనీరే. హిమాచల ప్రదేశములోని కాంగ్రా లోయ పచ్చ తేయాకునకు పేరు పొందినది. మన సేలము, కోయంబత్తూరు సోదరులకు దగ్గరనున్న నీలగిరి తోటలలో కూడ నల్ల తేయాకుతో పాటు దీనిని తయారు చేయుచున్నారు.

ఆకులో ఏమున్నది?

ఈ ఆకులో ముఖ్యముగా మూడు వస్తువులను గుర్తించవలెను. మొదటిది కెఫీన్. ఇది నిద్రమత్తును పోగొట్టును. ఒక కప్పు పచ్చ తేనీటిలో సుమారు 30 మిల్లీగ్రాములుండును. కాఫీ కంటె ఇది చాల తక్కువ. రెండవది థియనిన్. జపాను శాస్త్రజ్ఞులు దీనిని 1949లో కనుగొనిరి. పచ్చ తేనీటిలో నాలుకకు తగులు కమ్మదనము చాలవరకు దీనివలననే. మూడవది కాటెకిన్లు. వగరు, కొంత చేదు వీటి గుణము. 1929లో మిచియో సుజిమురా అను జపాను మహిళ పచ్చ తేయాకు నుండి కాటెకిన్‌ను వేరుచేసెను. ఆమెయే 1932లో జపానులో వ్యవసాయ శాస్త్రమున డాక్టరు పట్టము పొందిన మొదటి స్త్రీ.

నల్ల తేయాకు తయారగునప్పుడు కాటెకిన్లు చాలవరకు వేరు వస్తువులుగా మారిపోవును. పచ్చ తేయాకులో అవి అట్లే మిగులును. అందుచేతనే అలెర్జీని గురించిన పరిశోధనలు చాలవరకు పచ్చ తేయాకు చుట్టు తిరుగుచున్నవి.

తుమ్ములు ఎట్లు వచ్చును?

“నాకు దుమ్ము పడదు” అని మనము అనుట కలదు. ఈ పడకపోవుటనే అలెర్జీ అందురు. పుప్పొడి, బూజు, ఇంటి దుమ్ములోని సూక్ష్మమైన పురుగులు మొదలగునవి సాధారణముగా మనిషికి హాని చేయవు. కాని కొందరి శరీరము వాటిని శత్రువులుగా ఎంచి, ఐ.జి.ఇ. అను ఒక ప్రత్యేకమైన మాంసకృత్తును తయారుచేయును. అది ముక్కులోను, కండ్లలోను, ఊపిరి గొట్టములలోను ఉన్న కొన్ని కణముల మీద తాళము వలె కూర్చుండును. మరల అదే దుమ్ము లోనికి పోయినప్పుడు ఆ తాళములో తాళపుచెవి తిరిగినట్లగును. ఆ కణము నుండి హిస్టమిన్ అను రసము వెలువడును. ఆ హిస్టమిన్ వలననే తుమ్ములు, దురద, ముక్కు కారుట కలుగును.

జపానువారు చేసిన పరీక్ష

జపానులో ప్రతి యేట వసంతకాలమున దేవదారు జాతి చెట్ల పుప్పొడి గాలిలో నిండి లక్షలమందికి తుమ్ములు, కండ్ల దురద కలుగును. కావున అచ్చటివారు ఈ విషయముపై శ్రద్ధగా పనిచేసిరి. 2002లో క్యూషూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక విషయమును ప్రకటించిరి. మిథైల్ కలిసిన ఒక విధమైన కాటెకిన్, ఐ.జి.ఇ. వచ్చి కూర్చుండు స్థానములను కణముల మీద తగ్గించునని వారు చూపిరి. అయితే అది పరీక్షశాలలో పెంచిన కణముల మీద చేసిన పని. మనుష్యుల మీద కాదు.

తరువాత మనుష్యులపై పరీక్షలు జరిగినవి. బెనిఫూకీ అను ఒక ప్రత్యేకమైన తేయాకు రకమును పుప్పొడి రోజులలో త్రాగించి చూచిరి. ఆ విధమైన కాటెకిన్ లేని పచ్చ తేనీరు త్రాగినవారితో పోల్చినప్పుడు, బెనిఫూకీ త్రాగినవారిలో ముక్కు, కండ్ల బాధ కొంత తగ్గినట్లు కనబడినది. పరీక్షలు చిన్నవి. పాల్గొన్నవారు కొద్దిమంది. ఫలితము ఆశ కలిగించునదే గాని, మందులను మానిపించునంతటిది కాదు.

ఇచ్చట మన పాఠకులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. ఆ మిథైల్ కాటెకిన్ అన్ని పచ్చ తేయాకులలో ఉండదు. జపానులో అత్యధికముగా పండించు యాబుకిత అను రకములోనే అది లేదు. బెనిఫూకీలో ఉన్నది. ఆ బెనిఫూకీనైనను నల్ల తేయాకుగా చేసినచో అది నిలువదు. కావున మన వీధి అంగడిలో కొన్న పొట్లముపై గ్రీన్ టీ అని ఉన్నంతమాత్రమున ఆ పరీక్షల ఫలము మనకు దక్కునని తలచరాదు. కంచి పట్టు మీద జరిగిన పరీక్షను చూపి కృత్రిమ పట్టును అమ్మినట్లగును.

ఈ బెనిఫూకీకి మన దేశముతో సంబంధము ఉండుట ఒక వింత. 1870 ప్రాంతములలో తదా మోతోకిచి అను జపాను దేశీయుడు మన దేశమునకు వచ్చి తేయాకు విత్తనములను తీసికొనిపోయెను. ఆ అస్సాము సంతతి మొక్క ఒకటి, డార్జిలింగు సంతతి మొక్క మరొకటి కలిపి పుట్టించినదే బెనిఫూకీ. మన విత్తనమే అచ్చట క్రొత్త పేరుతో వెలసినది.

వేడి నీటి మేలు

మరి సాధారణ పచ్చ తేనీరు త్రాగి “నాకు ముక్కు తేలికైనది” అనువారు అబద్ధమాడుచున్నారా? కాదు. ఏ వేడి పానీయమైనను గొంతునకు, ముక్కునకు హాయి కలిగించును. 2008లో బ్రిటనులోని కార్డిఫ్ విశ్వవిద్యాలయమువారు జలుబు ఉన్నవారికి వేడి పండ్లరసమును ఇచ్చి చూచిరి. తుమ్ములు, దగ్గు, ముక్కు కారుట తగ్గినట్లు వారికి తోచినది. అదే రసమును వేడి లేకుండ ఇచ్చినప్పుడు అంత ఉపశమనము లేదు. అయితే కొలిచి చూడగా ముక్కులో గాలి ఆడుట మాత్రము పెరుగలేదు. అనగా హాయి నిజమే, రోగము తగ్గుట వేరు. మన ఇండ్లలో మిరియాల కషాయము, శొంఠి కాఫీ చేయు మేలులో కొంత భాగము ఇదియే.

నుసి వలన వచ్చునదంతయు అలెర్జీ కాదు

మేము ఈ వ్యాసము వ్రాయుటకు అసలు కారణము ఇదియే. తేనీరు త్రాగుటలో తప్పు లేదు. కాని తేనీటిని నమ్ముకొని వైద్యుని వద్దకు పోవుట ఆలస్యము చేసినచో మన వృత్తివారికి నష్టము కలుగును.

దూది నుసిని ఏండ్ల తరబడి పీల్చువారికి బిసినోసిస్ అను ఊపిరితిత్తుల జబ్బు వచ్చును. జిన్నింగు మిల్లులలో, దూది ఏకుచోట, నూలు వడకుచోట ఇది ఎక్కువ. మగ్గముల వద్ద నుసి తక్కువయే అయినను, కిటికీలు మూసిన మరమగ్గాల షెడ్డులలో పనిచేయువారు, ముతక నూలు కండెలు చుట్టువారు జాగ్రత్తపడవలెను. ఈ జబ్బు గుర్తు స్పష్టమైనది. వారపు సెలవు తరువాత పనిలోనికి వచ్చిన మొదటి దినమున, కొన్ని గంటలకు రొమ్ము పట్టినట్లుండును. మరునాడు తగ్గును. ఏండ్లు గడచిన కొలది అన్ని దినములలోను నిలిచిపోవును. ఇది నుసిలోని సూక్ష్మజీవుల విషపదార్థముల వలన కలుగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇది ఐ.జి.ఇ. వలన వచ్చు అలెర్జీ వంటిది కాదు. కనుక జపానులో పరీక్షించిన బెనిఫూకీయే తెప్పించి త్రాగినను దీనికి పనిచేయునని చెప్పుటకు ఆధారము లేదు. తొలిదశలో నుసికి దూరమైనచో కుదురుకొను అవకాశము కలదు. ముదిరిన తరువాత పోయిన ఊపిరి తిరిగి రాదు. బీడీ, సిగరెట్టు త్రాగువారికి ఇది మరింత కీడు.

రంగుల విషయము కూడ అట్టిదే. రియాక్టివ్ రంగుల పొడి కొందరికి ఉబ్బసము కలిగించును. రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు, సెలవు దినములలో తగ్గి పనిలోనికి రాగానే పెరుగుట దీని లక్షణము. పట్టు పని చేయు చోటులలో పట్టు నుసి కూడ కొందరికి పడదు. గుంట మగ్గముల ఇండ్లలో వానకాలమున గుంట చెమ్మగిల్లి బూజు పట్టుట వలన తుమ్ములు వచ్చుట కూడ కలదు. వీటిలో ఏది కారణమో తెలియనిదే ఏ మందును సరిగా పనిచేయదు. ఏ పనిలో, ఏ వేళ, ఏ దినమున బాధ హెచ్చుచున్నదో ఒక కాగితము మీద పదిహేను దినములు వ్రాసికొని వైద్యునికి చూపినచో ఆయనకు సగము పని తగ్గును.

కారణమును తగ్గించుటకు మన చేతిలోనున్న పనులు కొన్ని కలవు. మగ్గము క్రింది నుసిని చీపురుతో ఊడ్చి గాలిలో లేపక తడిగుడ్డతో తుడువవలెను. రంగుపొడి తూచునప్పుడు, నీటిలో కలుపునప్పుడు ముక్కు, నోరు మూసికొనవలెను. పంకా ఆపవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు. గుంటను ఎండ తగిలినప్పుడు ఆరనీయవలెను. తుమ్ములకు వైద్యులు ఇచ్చు మాత్రలలో కొన్ని మత్తు కలిగించును. మరమగ్గము నడుపువారు ఆ సంగతి వైద్యునితో ముందుగా చెప్పి, మత్తు తక్కువగా నుండు మందు అడుగవలెను.

కాచుకొను విధము

ఇక రుచి మాట. “ఒకసారి త్రాగితిమి, వేపాకు కషాయము వలె ఉన్నది” అని చాలమంది పొట్లమును అటుక మీద పెట్టుచున్నారు. దోషము ఆకుది కాదు, కాచుటది. మన అలవాటు ప్రకారము పొయ్యి మీద మరగబెట్టినచో కాటెకిన్లన్నియు దిగి చేదెక్కును.

నీటిని మాత్రమే కాచి దింపవలెను. మరిగిన నీటిని వెంటనే పోయక, ఒక గిన్నెలో నుండి మరొక గిన్నెలోనికి రెండు మూడుసార్లు మార్చినచో, లేక కొద్దిసేపు ఉంచినచో, వేడి 80 డిగ్రీల దరికి దిగును. కప్పునకు ఒక చిన్న చెంచా, అనగా సుమారు 2 గ్రాముల ఆకు చాలును. ఆకు మీద నీరు పోసి మూతపెట్టి, రెండు నిమిషములకు వడకట్టవలెను. అదే ఆకులో మరల నీరు పోసి రెండవసారి కూడ త్రాగవచ్చును. రెండవ కప్పే మృదువుగా నుండునని ఇష్టపడువారు కలరు. పాలు పోయరాదు, రుచి చెడును. పంచదార లేకుండ అలవాటు చేసికొనుట మంచిది. కావలసినచో రెండు నిమ్మచుక్కలు గాని, పుదీనా ఆకు గాని, దంచిన ఏలక్కాయ గాని వేసికొనవచ్చును.

ఖర్చు లెక్క కూడ చూడుడు. కప్పుకు 2 గ్రాముల వంతున 100 గ్రాముల పొట్లము 50 కప్పులగును. దినమునకు ఐదు గ్లాసుల పాల తేనీరు, గ్లాసునకు రెండు చెంచాల పంచదార, చెంచాకు 4 గ్రాములు వేసికొన్నను, ఒక మనిషి నెలకు 1200 గ్రాముల పంచదారను తేనీటిలోనే త్రాగుచున్నాడు. పగలంతయు కూర్చుండి పనిచేయు మనకు ఇది తక్కువ కాదు. ఆ ఐదింటిలో రెండింటిని పంచదార లేని పచ్చ తేనీరుగా మార్చుకొన్నచో నెలకు దాదాపు అర కిలో పంచదార తగ్గును. ఈ మేలునకు ఏ పరిశోధనయు అక్కరలేదు.

జాగ్రత్తలు

అన్నము తినునప్పుడు, తిన్న వెంటనే తేనీరు త్రాగరాదు. ఆహారములోని ఇనుము ఒంటబట్టకుండ ఇది అడ్డుపడును. నల్ల తేనీటికి కూడ ఇదే వర్తించును. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. కండెలు చుట్టి, వంట చేసి, అందరి తరువాత తినుచు వెంటనే టీ త్రాగు మన ఆడవారు ఈ సంగతి మరువరాదు. భోజనమునకు గంట ఎడము ఉంచవలెను. గర్భిణులు టీ, కాఫీలు కలిపి మితముగా త్రాగవలెను.

పొగలు గక్కుచుండగా త్రాగరాదు. 65 డిగ్రీలకు మించిన వేడి పానీయములు అన్నవాహికలో కాన్సరు కలిగించుటకు అవకాశము కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2016లో ప్రకటించినది.

పచ్చ తేయాకు సారముతో చేసిన మాత్రలు కొనవద్దు. 2018లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ పరిశీలించి, అట్టి మాత్రల ద్వారా ఇ.జి.సి.జి. అను కాటెకిన్ దినమునకు 800 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని తీసికొన్నచో కాలేయమునకు హాని కలుగవచ్చునని తెలిపినది. కాచి వడకట్టిన తేనీటికి ఆ భయము సాధారణముగా లేదు. రక్తము పలుచబడు మందులు, రక్తపు పోటు మందులు వాడువారు వైద్యునితో చెప్పి త్రాగవలెను.

చివరగా ఒక విచిత్రము. తేయాకు కర్మాగారములలో పచ్చ తేయాకు పొడిని పీల్చిన కొందరు పనివారికి, ఆ పొడి వలననే ఉబ్బసము వచ్చినట్లు జపాను వైద్యులు గుర్తించిరి. మనకు నూలు నుసి వలె వారికి తేయాకు నుసి. ఏ వృత్తివారి దుమ్ము ఆ వృత్తివారికి శత్రువు.

కాబట్టి మా సలహా ఇది. పచ్చ తేనీటిని రుచి కొరకు, పనిలో పది నిమిషముల విశ్రాంతి కొరకు, పంచదార తగ్గించుకొనుట కొరకు సంతోషముగా త్రాగుడు. తుమ్ముల బాధలో అది కొంత హాయినిచ్చినచో మంచిదే. కాని సెలవు మరునాడు రొమ్ము పట్టువారు, రాత్రి పిల్లికూతలతో లేచువారు, మెట్లెక్కిన ఆయాసపడువారు కప్పును ప్రక్కన పెట్టి వైద్యుని వద్దకు పోవలెను. నూలు తెగినచో ముడి వేయవచ్చును. ఊపిరికి ముడి లేదు. ఈ విషయమును చదువురాని పెద్దలకు, కండెలు చుట్టు ఆడపడుచులకు చదివి వినిపింపవలసినదిగా మన పాఠకులను కోరుచున్నాము.